దొంగ అయినా, కాకపోయినా

"తాళంచెవి ఒక్కటే చేశావా? నిజం చెప్పు!"

"ఒక్కటే చేశానమ్మా."

"మరి ఆ డబ్బాలో అన్ని ముక్కలున్నాయేం? వాటిల్లో మా ఇంటిది ఏదో!"

"అవి పాడైపోయిన ముక్కలమ్మా. మీ కళ్ళముందే కోసి పడేశాను. మీరు ఇక్కడే నిలబడి చూశారు కదా."

"చూశానయ్యా, కాదన్లేదు. అప్పుడు నమ్మకంతో చూశాను. ఇప్పుడు తల్చుకుంటే వేరేగా కనపడుతోంది."

మలుపు తిరగకముందే ఈ మాటలు మేనల్లుడి చెవిన పడ్డాయి. వాడు అడుగు వేగం పెంచాడు. మూడంతస్తుల భవనం మెట్ల కింద, ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుంటే మూడోవాడు ఊపిరి బయట పీల్చుకోవాల్సినంత జాగాలో మావయ్య తాళాల దుకాణం ఉంది. దాని ముందు ఒకావిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. మావయ్య స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో రేకుడబ్బాలోని ఇనుపముక్కల్ని ఆవిడకు ఒక్కొక్కటే తీసి చూపిస్తున్నాడు.

"అంత అనుమానంగా ఉంటే తాళం మార్చుకోండమ్మా, ఎవరు వద్దన్నారు?" అన్నాడు మేనల్లుడు, వస్తూనే.

"నిన్ననే మార్చాను బాబూ. ఆ ముక్క మీ మావయ్య చెవిన వేసి పోదామనే వచ్చాను," అని ఆవిడ వెళ్ళిపోయింది.

మావయ్య ముక్కల్ని మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టాడు. "కూర్చోరా లాయరుగారూ," అన్నాడు.

లాయరుగారు అనేది వెక్కిరింపు. మేనల్లుడు డిగ్రీ రెండో ఏడు మధ్యలో పాఠం చెప్పే ఆయనతో మాటామాటా పెంచుకుని, పుస్తకాలు అక్కడే బల్లమీద వదిలేసి ఇంటికి వచ్చేసినవాడు. ఇప్పుడు బండి మీద పార్సిళ్ళు పంచుతాడు. పరీక్షలు రాయలేదుగానీ అర్జీలు మాత్రం తెగ రాశాడు. కుళాయి రాలేదని ఒకటి, వీధిదీపం వెలగలేదని ఒకటి, బస్సు ఆపలేదని ఒకటి. ఒక్కదానికీ జవాబు రాలేదు. అయినా రాయడం మానలేదు. "వీడికి కలం దురద," అనేది వాళ్ళమ్మ. "గోక్కోనీ అక్కా, ఎవడికి నష్టం?" అనేవాడు మావయ్య.

మావయ్యది ఇరవై ఆరేళ్ళ పని. తాళంచెవి ఉంటే దానికి నకలు చెయ్యడం ఎవడైనా చేస్తాడు, దానికి యంత్రాలొచ్చాయి. చెవి పోయిన తాళానికి చెవి చెయ్యడమే అసలు పని. పళ్ళులేని రేకును కొవ్వొత్తి పొగలో నల్లగా కాల్చి, తాళంలో పెట్టి, మెత్తగా తిప్పి బయటకు తీస్తే, లోపలి మీటలు తగిలినచోట మసి చెదిరి సన్నగా మెరుస్తుంది. మెరిసినచోట ఆకురాయితో ఒక్క రవ్వ తీయాలి. మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం, మళ్ళీ రవ్వ. కంటితో చూసేది సగమే. మిగతా సగం చూపుడువేలికీ మధ్యవేలికీ తెలియాలి. ఏ మీట లొంగింది, ఏది ఇంకా మొండికేస్తోంది అన్నది ఆ రెండు వేళ్ళూ చెప్పాలి.

చేతిలో పనితనం ఎంత ఉన్నా, వీధి ఆయన్ని పిలిచింది మాత్రం ఆయన పద్ధతుల వల్ల. ఎవరి చిరునామా అడిగేవాడు కాదు. పనికిరాని రేకుని, పని ఇచ్చినవాళ్ళ ఎదుటే రెండు ముక్కలుగా కోసేవాడు. ఎవరింటికైనా తాళం తియ్యడానికి వెళితే, లోపల టక్కుమన్న శబ్దం వినపడగానే రెండడుగులు వెనక్కి వేసి గోడవైపు తిరిగి నిలబడేవాడు. "తాళం తియ్యడం నా పని, తలుపు తొయ్యడం మీ పని," అనేవాడు. గడపలోపల ఏముందో ఇరవై ఆరేళ్ళలో ఒక్క ఇంట్లోనూ చూడలేదు. మంచినీళ్ళిస్తే బయటే నిలబడి తాగి గ్లాసు గట్టుమీద పెట్టేసేవాడు.

అటువంటి మనిషిని ఈమధ్య పోలీసులు పట్టుకుపోయారు. రెండు వీధుల అవతల ఒక ఇంట్లో నగలు పోయాయి. తాళం పగల్లేదు, గడియ విరగలేదు. మూడు నెలల క్రితం ఆ ఇంటాయన చెవి పోగొట్టుకుంటే ఆ తాళం తీసింది మావయ్య. ఇన్‌స్పెక్టరుకు ఇంక ఆలోచించాల్సిన పని ఏముంది? మూడు రోజులు స్టేషన్‌లో ఉంచుకున్నారు. ఎక్కడా రాయలేదు. రెండోరోజు మధ్యాహ్నం ఆయన కుడిచేతిని నేలమీద పరిపించి, ఆ రెండు వేళ్ళమీద కుర్చీ కాలు పెట్టి, కుర్చీలో ఒకడు కూర్చున్నాడు. "ఏ వేళ్ళతో తీశావురా?" అని అడిగి మరీ కూర్చున్నాడు.

నాలుగోరోజు పొద్దున వదిలేశారు. నగలవాళ్ళు తమకు ఏ కేసూ అక్కర్లేదని రాసిచ్చారట. ఎందుకక్కర్లేదో చెప్పలేదు. ఆ ఇంటాయన బావమరిది దగ్గర రెండో తాళంచెవి ఉండేదని పనిమనిషి ఎక్కడో అందట, ఆ మర్నాటి నుంచి ఆమెకు అక్కడ పని లేదు. వీధి మాత్రం తన లెక్క తాను తేల్చేసుకుంది. కేసు ఎందుకు వద్దన్నారు? నగలు దొరికి ఉంటాయి. ఎలా దొరికాయి? దెబ్బలు పడ్డాక వీడే తెచ్చి ఇచ్చుంటాడు. అంతే, ముగిసింది.

మేనల్లుడు మావయ్యను తీసుకుని నిజం లాయరు దగ్గరకే వెళ్ళాడు. ఆయన విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏ కేసులో ముద్దాయివయ్యా నువ్వు?"

"ఏ కేసూ పెట్టలేదండి."

"మరింకేం? కేసే లేకపోతే నిర్దోషివని ఏ కోర్టు అంటుంది? ఒకందుకు కేసు పెట్టి ఉంటేనే నీకు బాగుండేది. రెండేళ్ళు తిరిగి కొట్టేయించుకునేవాడివి. చేతిలో కాగితం ఉండేది."

బయటికి వచ్చాక మావయ్య మెట్లమీద ఆగిపోయాడు. "చూశావుట్రా? దొంగ అని కాగితం లేదు కాబట్టి దొంగ కాదని కూడా కాగితం రాదట."

అప్పుడు తగిలింది మేనల్లుడికి మానవ హక్కుల కమిషన్. పార్సిలు ఇవ్వడానికి ఆ భవనానికి రెండుసార్లు వెళ్ళాడుగానీ బోర్డు ఎప్పుడూ చదవలేదు; ఈసారి చదివి, మావయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మూడో అంతస్తు. లిఫ్టు దగ్గర 'పనిచేయుట లేదు' అనే అట్టకు కూడా దుమ్ము పట్టింది. అర్జీలు తీసుకునే గుమాస్తా కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, ఈ మాటలు రోజుకు నలభైసార్లు చెప్పే మనిషిలా చెప్పాడు.

"స్టాంపు అక్కర్లేదు, లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. జరిగి ఏడాది దాటకూడదు. కోర్టులో నడుస్తూ ఉండకూడదు. తప్పు చేసింది ప్రభుత్వ ఉద్యోగి అయ్యుండాలి. మీ పక్కింటివాడు కొడితే మా దగ్గరకు రాకండి."

"మీరేం చెయ్యగలరండీ?" అన్నాడు మేనల్లుడు.

"చాలా చెయ్యగలం. సమన్లు పంపి ఎంతటివాణ్ణయినా పిలవగలం. ప్రమాణం చేయించి అడగగలం. ఏ ఆఫీసు రికార్డయినా తెప్పించగలం. మా మనుషుల్ని నేరుగా స్టేషన్‌కే పంపి సోదా చేయించగలం. జైలు తలుపు తీయించుకుని లోపలికి పోగలం."

"ఆ తర్వాత?"

"తర్వాత ప్రభుత్వానికి సిఫారసు చేస్తాం. ఫలానావాడి మీద చర్య తీసుకోండి, ఫలానావాడికి పరిహారం ఇవ్వండి అని."

"చెయ్యకపోతే?"

గుమాస్తా కళ్ళజోడు కిందికి దించుకుని వాణ్ణి ఒకసారి చూశాడు. "ఎందుకు చెయ్యలేదో వాళ్ళు మాకు రాయాలి."

"రాస్తే?"

"చదువుతాం," అన్నాడు.

మావయ్య ఫక్కున నవ్వాడు. స్టేషన్ నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

అక్కడే బల్లమీద అర్జీ రాశారు. చివర్లో 'ఏమి కోరుచున్నారు' అనే చోట మేనల్లుడి కలం ఆగలేదు. ఇన్‌స్పెక్టరును ఉద్యోగంలోంచి తీసెయ్యాలి, కుర్చీలో కూర్చున్నవాడి మీద క్రిమినల్ కేసు పెట్టాలి, వైద్యం చేయించి పరిహారం ఇవ్వాలి. మూడూ రాసి తల ఎత్తాడు.

"నేను దొంగను కాదని రాసివ్వమని రాయి," అన్నాడు మావయ్య.

"అది వేరే సంగతి మావయ్యా. ఇది కొట్టినందుకు."

"కొట్టింది తగ్గిపోతుందిరా. ఇదేగా నాక్కావాల్సింది. రాయి."

నాలుగోదిగా రాశాడు. అక్షరాలు కాస్త చిన్నవైపోయాయి, కాగితంలో చోటు మిగల్లేదు.

నెలకో ఉత్తరం చొప్పున అర్జీ కదిలింది. కమిషన్ వాళ్ళు ఇన్‌స్పెక్టరు పైఅధికారి నుంచి నివేదిక తెప్పించారు. దాని నకలు ఇంటికి పంపి, మీరేమంటారో చెప్పమన్నారు. నివేదిక మొదటి పేరాలో మావయ్యను అసలు స్టేషన్‌కే తీసుకురాలేదని ఉంది. మూడో పేరాలో స్టేషన్ స్నానాలగదిలో జారిపడి వేళ్ళు విరగ్గొట్టుకున్నాడని ఉంది. మేనల్లుడు అది పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. "అత్తయ్యా, మావయ్య రాని చోటికి వెళ్ళి జారిపడ్డాడు చూడు!" అత్తయ్య పొయ్యి మంట తగ్గించి, "మీరిద్దరూ కలిసి ఆడుకోండి. ఇవాళ కూడా షాపుకి ఒక్కరూ రాలేదు," అంది.

నిజమే, ఎవరూ రావడం లేదు. కట్టు విప్పాక చూపుడువేలు వంగడం మానేసింది, మధ్యవేలికి స్పర్శ లేదు. అయినా ఎడంచేత్తో పని మళ్ళీ నేర్చుకుంటున్నాడు మావయ్య. పాత తాళాలు విప్పుకుని రోజంతా మసి పూసి తిప్పుతున్నాడు. "వేళ్ళు కొత్తవి చేసుకుంటాన్రా, ఏడాది పడుతుంది. జనం నమ్మకపోతే ఏం చేసుకోను ఈ వేళ్ళు?" అనేవాడు. చేతి సంగతి అడిగిన ప్రతివాడికీ కమిషన్ సంగతే చెప్పేవాడు. "తేలుస్తారు, పెద్ద జడ్జిగారు చూస్తున్నారు," అనేవాడు. పక్కన గడియారాలు బాగుచేసే ముసలాయన ఒక్కడే వినేవాడు. "కాగితం రానీ. నా షాపు తాళం నీకే ఇస్తా," అనేవాడు.

కమిషన్ తరఫున ఒక దర్యాప్తు అధికారిణి వచ్చింది. చెప్పకుండా స్టేషన్‌లోకి పోయి లాకప్ చూసింది, డైరీ తిరగేసింది. ఆస్పత్రి రిజిస్టరు తీయించి, 'పోలీసులు కొట్టారని చెబుతున్నాడు' అని ఎవరో డాక్టరు రాసిపెట్టిన వరసను పట్టుకుంది. ఇన్‌స్పెక్టరుకు సమన్లు వెళ్ళాయి. ఆ రోజు ఆయన ఇస్త్రీ బట్టల్లో వచ్చి, టోపీ చంకలో పెట్టుకుని, ప్రమాణం చేసి నిలబడి మాట్లాడాడు. నిలబడి! మేనల్లుడికి ఒళ్ళు పులకరించింది. మావయ్య మాత్రం ఇన్‌స్పెక్టరు వంక చూడలేదు. పైన కూర్చున్న ఛైర్మన్ ముఖమే చూస్తున్నాడు. ఆయన జడ్జీగా చేసి రిటైరైన మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"మీరు ఇంకేమైనా చెప్పుకుంటారా?" అని ఛైర్మన్ అడిగాడు.

మావయ్య లేచాడు. "అయ్యా, నేను దొంగను కాదని తమరు ఒక్కమాట అనాలండి."

ఛైర్మన్ కలం పక్కన పెట్టాడు. "చూడండి, మీరు దొంగా కాదా అన్నది మా ముందున్న ప్రశ్న కాదు. అది తేల్చే అధికారం మాకు లేదు. కానీ ఒకటి చెబుతాను. మీరు దొంగ అయినా, కాకపోయినా, మీ వేళ్ళు విరగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు. దొంగకు కూడా చేతులు ఉంటాయి, అవి అతనివే."

మేనల్లుడు పుస్తకాలు వదిలేశాక ఎవరి మాటకూ తల ఊపినవాడు కాదు. ఆ మాటకు ఊపాడు. ఇంత గొప్ప మాట తన జన్మలో విన్లేదనుకున్నాడు. కాలేజీలో ఇలాంటి మాట ఒక్కటి చెప్పి ఉంటే అక్కడే ఉండిపోయేవాణ్ణి అనుకున్నాడు. పక్కకి తిరిగి చూస్తే మావయ్య కూర్చుని ఉన్నాడు, ఎప్పుడు కూర్చున్నాడో! పాపం, సంతోషం పట్టలేక కూర్చుండిపోయాడనుకున్నాడు వీడు.

ఉత్తర్వు ఆరువారాలకు వచ్చింది. హక్కుల ఉల్లంఘన రుజువైంది. ఇన్‌స్పెక్టరు మీద శాఖాపరమైన చర్యకు, పరిహారానికి సిఫారసు. ఏడో పేరాలో ఆ మాట కూడా అచ్చులో ఉంది: 'ఫిర్యాదుదారు దొంగ అయినా, కాకపోయినా'. మేనల్లుడు దానికింద ఎర్రసిరాతో గీత గీశాడు. అరవై కాపీలు తీయించాడు. పార్సిళ్ళతోపాటు ఆ వీధి, పక్క వీధి, ఆ పక్క వీధి, గుమ్మం గుమ్మానికీ తిరిగి చేతుల్లో పెట్టాడు. "మా మావయ్య గెలిచాడండి. చదవండి, ముఖ్యమైనచోట గీత గీశాను," అని మరీ ఇచ్చాడు. మావయ్యకు చెప్పలేదు. ఒకేసారి తెలిసి మురిసిపోతాడనుకున్నాడు.

మర్నాటి నుంచి వీధి చదివింది. ఎర్రగీత ఉన్నచోటే చదివింది, మిగతా తొమ్మిది పేజీలు ఎవరు చదువుతారు?

"అంత పెద్ద కమిషనే కాదని తేల్చలేకపోయిందట!"

"తేల్చలేక కాదు, తెలిసే అలా రాశారు. మర్యాదగా."

"దొంగకు కూడా హక్కులుంటాయని గెలిచాడన్నమాట. మంచిదేలే పాపం."

మెట్ల పైన మూడంతస్తుల్లోని వాటాల వాళ్ళకి ఒక నోటీసు బోర్డు ఉంది. కుళాయి మేస్త్రీ, కరెంటు మనిషి, తాళాలాయన, అందరి నంబర్లూ ఉంటాయి. ఎవరూ తాళాలాయన నంబరు తీసెయ్యలేదు, కొట్టెయ్యలేదు. దాని పక్కనే ఏడో పేరా ఉన్న పేజీ గుండుసూదితో గుచ్చారు. అంతే.

ఇవేవీ మేనల్లుడికి తెలియవు. వాడు మళ్ళీ ఆ మూడో అంతస్తుకు పోయి ప్రభుత్వం ఏమందో కనుక్కున్నాడు. 'పరిశీలనలో ఉన్నది' అని రాశారట. గుమాస్తా అది తీసి చూపించాడు. "చదివాం," అన్నాడు. ఇన్‌స్పెక్టరు అదే స్టేషన్‌లో, అదే కుర్చీలో ఉన్నాడు. ఈ దారుణం చెప్పి ఇద్దరం కలిసి తిట్టుకుందామని మేనల్లుడు మధ్యాహ్నం నేరుగా దుకాణానికి వచ్చాడు.

మావయ్య పని చెయ్యడం లేదు. కొవ్వొత్తి ఆరిపోయి ఉంది. ఒళ్ళో ఒక కాపీ ఉంది.

"ఇది నువ్వే పంచావా?"

"నేనే మావయ్యా! అరవై కాపీలు, అందరికీ తెలియాలని."

"ఈ గీత?"

"నేనే గీశాను. అదే కదా అసలు మాట!"

మావయ్య మెల్లగా, "గడియారాలాయన పొద్దున వచ్చాడు. కొత్తతాళం కొనుక్కున్నాడట. 'ఏమనుకోకు, నీ మీద కోపంలేదు, కాగితం అలా వచ్చింది కదా' అన్నాడు. ఏడాదిగా నా మాట విన్నవాడు ఆయనొక్కడేరా."

మేనల్లుడు కాగితం తీసుకుని ఆ వరసను మళ్ళీ చదివాడు. వాడి కళ్ళకు అది ఇప్పటికీ గొప్పమాటగానే ఉంది. అదే వాణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

"ఆ మాట అర్థం అది కాదు మావయ్యా. వాళ్ళకు చదవడం రాలేదు."

"నాకూ రాలేదేమోరా. నేను విన్నప్పుడే అలా వినపడింది. అందుకే కూర్చుండిపోయాను, నువ్వు చూశావు కూడా."

"వాళ్ళకి ఆ అధికారం లేదు. దొంగో కాదో తేల్చకూడదు, చట్టం ఒప్పుకోదు."

"అలాగా? 'దొంగ అయినా' అని రాయడానికి అధికారం ఉందట, 'దొంగ కాదు' అని రాయడానికి లేదట. బాగుంది. ఆ స్టేషన్‌వాడు ముఖంమీద అన్నాడు, ఆ మాట గాలికి పోయేది. వీళ్ళు సీలు వేసి ఇచ్చారు." ఆయన గొంతు పెంచలేదు. అలవాటుకొద్దీ ఎడంచెయ్యి ఆకురాయి మీదికి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. "తప్పు వాళ్ళది కాదులే. వాళ్ళు నా చేతి గురించి మాట్లాడారు. నేను అడిగింది వేరే."

"మళ్ళీ రాస్తాను మావయ్యా. ఆ వాక్యం మార్చమని అర్జీ పెడతాను. ఇవాళే."

"వద్దు."

"పోనీ ఇంటింటికీ వెళ్ళి అర్థం చెబుతాను. ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి..."

"వద్దురా. నువ్వు చెప్పినకొద్దీ వాళ్ళు ఆ గీతనే చూస్తారు." మావయ్య కాగితాన్ని వెనక్కి తీసుకుని మడిచి, వంగని వేలుతో మడత నొక్కడానికి ప్రయత్నించి, చివరికి మోకాలిమీద పెట్టి అరచేత్తో నొక్కాడు. "అరవై అన్నావు కదా. ఇది ఒకటి. మెట్లమీద బోర్డుకి ఒకటి ఉంది, అది నువ్వు తియ్యి, నేను తీస్తే బాగుండదు. మిగతావి ఏ గుమ్మంలో ఇచ్చావో గుర్తుందిగా? ఏమీ వాదించకు, ఎవర్నీ తిట్టకు. 'మావయ్య అడుగుతున్నాడు, ఆ కాగితం వెనక్కి ఇవ్వండి' అను, అంతే. ఒక్కటి కూడా ఎవరింట్లోనూ ఉండకుండా అన్నీ తెచ్చి నా చేతికివ్వరా."